చక్రం తిరుగుతూనే ఉందా?

ఇప్పపువ్వు లడ్డూలు డబ్బాల్లోకి సర్దేశారు. లేబుళ్ళు అంటించారు. ఎదురింటి అమ్మాయి చేత ఫొటోలు కూడా తీయించారు. ఇక ఆన్‌లైన్‌లో పెట్టడమే తరువాయి అనుకుంటూ ఫోను పట్టుకుని కూర్చుంటే... తెల్లటి తెర, మధ్యలో గిరగిరా తిరిగే చిన్న చక్రం! పావుగంటైనా అది ఆగదు, మన సరుకు ఎక్కదు. చివరికి 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్' అని ఓ ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఏది రాంగో మాత్రం చెప్పదు!

నేనుండేది ఖమ్మంలో. నాలుగేళ్ళుగా నెలకి రెండు మూడుసార్లు భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళి అక్కడి మహిళా సంఘాల వాళ్ళకి సరుకులు ఆన్‌లైన్‌లో ఎక్కించే పనిలో సాయం చేస్తున్నాను. సరుకు బాగోలేక ఆగిపోయిన వాళ్ళని నేను పెద్దగా చూడలేదు. పేజీ మొరాయించేసరికి బెంగపడి మానేసిన వాళ్ళని మాత్రం చాలామందిని చూశాను. "మాకు చదువు లేకపాయె మేడం, మా వల్ల ఏడయితది" అంటారు. ఆ చక్రానికీ చదువుకీ ఏం సంబంధం? హైదరాబాదులో ఇంజినీరింగు చదివిన పిల్లకీ అది అలాగే తిరుగుతుంది. కాకపోతే ఆ పిల్ల తనని తాను తిట్టుకోదు, ఫోన్ని తిట్టుకుంటుంది. అంతే తేడా!

అడవి సరుకుకి మనకోసం ఆగే ఓపిక ఉండదు. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. తెల్లవారుజామునే వెళ్ళి ఏరి, ఎండబెట్టి, లడ్డూలు కట్టేసరికి చేతిలో ఉన్న పెట్టుబడి అంతా అందులోనే ఉంటుంది. తేనె, చింతపండు, కుంకుడుకాయలు, కొండచీపుర్లు, వెదురు బుట్టలు... ఇవన్నీ ఒకప్పుడు వారపు సంతలో అమ్ముకోవాలి, లేదా 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ డిపోకి వెయ్యాలి. ఇప్పుడు మూడో దారి కూడా ఉంది. భద్రాచలం మహిళలు చిరుధాన్యాలతో చేసే 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కట్లు హైదరాబాదు నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' రేడియో ప్రసంగంలో చెప్పారు, గుర్తుందా? దారి ఉంది సరే, ఆ దారికి బ్రౌజర్ అనే గేటు ఒకటుంది. బ్రౌజర్ అంటే మరేం లేదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్... మనం సైట్లు తెరిచి చూసే కిటికీ. తంటా అంతా అక్కడే!

కుర్రాడి చేతిలో కొట్టు

గేటు తెరుచుకోకపోతే ఏం చేస్తాం? దగ్గర్లోని నెట్ సెంటరుకి వెళ్తాం. అక్కడి కుర్రాడు "ఫోనియ్యక్కా, రెండు నిమిషాలు" అంటాడు. పాస్‌వర్డ్ అడుగుతాడు, ఓటీపీ అడుగుతాడు. పని అయిపోతుంది కూడా. గోదావరి ఒడ్డున ఉన్న ఒక సంఘం సంగతి చెబుతాను. ఊరి పేరు వద్దులెండి. వాళ్ళ ఫోనులో పేజీ తెరుచుకోవడం లేదని, నెట్ సెంటరతను తన నంబరుతో, తన ఈ-మెయిల్‌తో వాళ్ళ కొట్టు తెరిచిపెట్టాడు. మంచివాడే, మోసం చెయ్యాలన్న ఉద్దేశం లేదు. కానీ ఆర్నెల్లకి ఉద్యోగం దొరికి ఊరు వదిలి వెళ్ళిపోయాడు, సిమ్ము మార్చాడు. ఆర్డర్లు వస్తున్నాయి... ఓటీపీ ఎక్కడికో పోతోంది. పన్నెండు మంది ఆడవాళ్ళు కలిసి పెట్టిన కొట్టుకి తాళంచెవి లేదు! అది మళ్ళీ వాళ్ళ చేతికొచ్చేసరికి ఇప్పపువ్వు కాలం దాటిపోయింది.

అందుకే ఈ మరమ్మతులేవో మనమే నేర్చుకుందాం అంటున్నాను. కొట్టు తెరిచే ఫోను నంబరు సంఘం అధ్యక్షురాలిదో కార్యదర్శిదో అయి ఉండాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. సైటు వాళ్ళమంటూ ఫోన్ చేసి అడిగినా సరే! డబ్బు పోయిందని తెలిసిన క్షణాన 1930కి ఫోన్ చెయ్యాలి.

మిక్సీ తిరగకపోతే ఏం చేస్తాం?

మిక్సీ తిరగలేదనుకోండి. వెంటనే దాన్ని విప్పదీస్తామా? ముందు కరెంటు ఉందా అని లైటు వేసి చూస్తాం. తర్వాత ప్లగ్గు తీసి వేరే సాకెట్లో పెడతాం. జారు సరిగ్గా కూర్చుందా అని తిప్పి చూస్తాం. అప్పటికీ తిరక్కపోతేనే మిక్సీని అనుమానిస్తాం. పేజీ విషయంలోనూ ఇదే వరస. వేరే సైటు ఏదైనా తెరిచి చూడండి. అదీ రాకపోతే తప్పు సిగ్నల్‌ది. అది వచ్చి మన అమ్మకాల పేజీ ఒక్కటే రాకపోతే, పక్కావిడ ఫోన్లో ఆ పేజీ తెరవండి. అక్కడా రాలేదా? తప్పు సైటుది. గంట ఆగి చూడ్డమే. అక్కడ వచ్చిందంటే, ఇక వెతకాల్సింది మన ఫోన్లోనే.

ఒకటే జాగ్రత్త. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. అన్నీ ఒకేసారి నొక్కేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలీదు. మళ్ళీ వారం మొదటికొస్తుంది!

సిగ్నల్ ఉంది... కానీ లేదు

మా ప్రాంతంలో ఇది పెద్ద చిక్కు. ఫోన్లో వీడియో హాయిగా చూస్తాం గానీ మన ఫొటో మాత్రం ఎక్కదు. "నెట్ ఉందిగా!" అని ఆశ్చర్యపోతాం. నెట్లోంచి మనకి దిగేది వేరు, మన దగ్గర్నుంచి పైకి ఎక్కేది వేరు. మామూలుగా ఎక్కే వేగం బాగా తక్కువ. టవరుకి దూరంగా, చెట్ల మధ్య ఉన్న ఊళ్ళో అయితే మరీనూ. ఫోనుకి టవరు మాట వినబడుతుంది గానీ, టవరుకి ఫోను మాట వినబడదన్నమాట. మేడ మీదకో, రోడ్డు మీదకో వెళ్ళి ఎక్కించండి. జనం తక్కువగా వాడే తెల్లవారుజామున అయితే ఇంకా మేలు.

సరిహద్దు ఊళ్ళలో ఇంకో విచిత్రం ఉంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకటే సర్కిల్. ఛత్తీస్‌గఢ్ అలా కాదు, అది వేరే సర్కిల్. చింతూరు దాటి కుంట వైపు ఉన్న ఊళ్ళలో ఫోను ఒక్కోసారి అవతలి టవరుని పట్టుకుంటుంది. సెట్టింగుల్లో 'డేటా రోమింగ్' ఆపి ఉంటే గీతలు నిండుగా కనిపిస్తూనే నెట్ ఆగిపోతుంది. అది ఆన్ చేస్తే సరి! దీనికోసం ఒకావిడ ఫోను బాగుచేయించడానికి భద్రాచలం దాకా బస్సెక్కి వచ్చింది. అక్కడ దిగేసరికి అదే పనిచేసింది. పనిచెయ్యదూ మరి!

వివరాలు రాసేటప్పుడు నేరుగా ఆ పేజీలోనే రాయకండి. సరుకు పేరు, బరువు, ధర, వర్ణన అన్నీ ముందు ఫోన్లోని నోట్స్‌లో రాసిపెట్టుకోండి. సైటు మన కోసం కొంతసేపే తలుపు తీసి ఉంచుతుంది. మధ్యలో పొయ్యి మీద పాలు పొంగి వెళ్ళొచ్చామా, 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అని మొత్తం చెరిపేస్తుంది. నోట్స్‌లో ఉంటే కాపీ చేసి అతికించడం రెండు నిమిషాల పని. అలాగే 'సబ్మిట్' బొత్తం ఒక్కసారే నొక్కాలి. కదలడం లేదని నాలుగుసార్లు నొక్కితే, ఒక్కోసారి ఒకే లడ్డూ నాలుగు సరుకులై కూర్చుంటుంది.

పాత సరుకు దులపండి

బ్రౌజర్ మహా పొదుపరి. ఒకసారి చూసిన పేజీ బొమ్మల్నీ, గుర్తుల్నీ దాచుకుంటుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు త్వరగా చూపిద్దామని! దీన్నే క్యాష్ అంటారు. మనం ఎవరమో గుర్తు పెట్టుకునే చీటీలు కుకీలు. ఈలోగా సైటు వాళ్ళు పేజీని మార్చేస్తారు. మన బ్రౌజరేమో పాత ముక్కలు పట్టుకొచ్చి కొత్త పేజీకి అతికిస్తుంది. ఇంకేముంది, బొత్తాలు నొక్కుడు పడవు, లాగిన్ అయినా మళ్ళీ లాగిన్ పేజీకే తిప్పి పంపిస్తుంది.

ఇదే జబ్బని తేల్చుకోవడం తేలిక. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి 'న్యూ ఇన్‌కాగ్నిటో ట్యాబ్' తెరవండి. ఆ కిటికీ పాత చీటీలేవీ చూడదు. అందులో పేజీ బాగా పనిచేస్తే తప్పు పాత సరుకుదే. అప్పుడు మామూలు కిటికీలో, పైన సైటు చిరునామాకి ఎడమపక్కనున్న చిన్న గుర్తు నొక్కితే ఆ ఒక్క సైటు తాలూకు కుకీలూ డేటా తీసేసే వీలు కనబడుతుంది. మొత్తం అన్ని సైట్లవీ ఊడ్చెయ్యనక్కర్లేదు. అలా ఊడ్చేటప్పుడు 'పాస్‌వర్డ్స్' దగ్గర టిక్కు ఉందేమో చూడకుండా నొక్కితే దాచుకున్న పాస్‌వర్డులు కూడా చెత్తతో పోతాయి. చీటీలు పోయాక సైటు మళ్ళీ లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డు గుర్తున్నాకే చీపురు పట్టండి!

తెలుగు చేసి పెట్టే సాయం

ఇంగ్లీషు పేజీని క్రోమ్ దానంతటదే తెలుగు చేసిపెడుతుంది. చదువుకోవడానికి ఇది నిజంగా వరం. నేను వద్దనను. కానీ ఫారం నింపేటప్పుడు మాత్రం ఇదే కొంప ముంచుతుంది. తర్జుమా అంటే బ్రౌజర్ పేజీలోని అక్షరాల్ని తీసేసి వేరేవి పెట్టడం. సైటు తాలూకు ప్రోగ్రాము తను పెట్టిన అక్షరాలు అక్కడే ఉన్నాయనుకుంటుంది. అవి కనబడకపోయేసరికి కొన్ని సైట్లలో పేజీ తెల్లబోతుంది... అక్షరాలా! కిందికి జారే జాబితాల్లో ఏది ఎంచుకున్నా పడదు. 'స్టేట్' అన్నచోట 'స్థితి' అని చూసి, ఒకావిడ 'బాగుంది' అని రాయబోయింది. నవ్వొచ్చినా ఆవిడ తప్పేముంది చెప్పండి?

తెలుగులో ఒకసారి చదివి ఏ గడిలో ఏం రాయాలో కాగితం మీద రాసుకోండి. తర్వాత మూడు చుక్కల్లో తర్జుమాని తీసేసి, అసలు ఇంగ్లీషు పేజీలోనే నింపండి. ఆ గళ్ళ వరస నాలుగు సరుకులు ఎక్కించేసరికి కంఠతా వచ్చేస్తుంది. సైటే సొంతంగా తెలుగు ఇస్తుంటే మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆ తెలుగుతో ఈ గొడవ ఉండదు.

ధర గడిలో అంకెలే రాయాలి. 1,200 అని కామా పెట్టినా, ముందు రూపాయి గుర్తు పెట్టినా కొన్ని సైట్లు ఒప్పుకోవు. వాట్సాప్‌లోంచి కాపీ చేసిన వర్ణనతో పాటు నక్షత్రాలూ పువ్వుల బొమ్మలూ వచ్చేస్తాయి. అవి తుడిచేయండి. పేజీ సగమే కనిపించి 'సేవ్' బొత్తం ఎక్కడుందో తెలియకపోతే, మూడు చుక్కల్లో 'డెస్క్‌టాప్ సైట్' టిక్కు పెట్టండి. చాలా అమ్మకం పేజీలు కంప్యూటరుని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవే.

ఫొటో దగ్గర ఆగిందా?

కొన్ని ఫోన్లు జాగా కలిసొస్తుందని ఫొటోని హెచ్ఈఐసీ అనే రకంగా దాస్తాయి. ఐఫోన్లూ, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లూ ఈ బాపతు. అమ్మకం సైట్లు చాలావరకు అడిగేది జేపెగ్. కెమెరా సెట్టింగుల్లో ఆ 'హై ఎఫిషియెన్సీ' ఆపేస్తే తర్వాత తీసేవన్నీ జేపెగ్‌గానే వస్తాయి. ఫొటో మరీ బరువైతే ఎక్కదు, మరీ చిన్నదైతే సైటు తిప్పికొడుతుంది. కొనేవాళ్ళు వేలితో పెద్దది చేసి చూసుకోవాలంటే పొడుగు వైపు కనీసం 1000 పిక్సెళ్ళు ఉండాలి. పక్క ఊరి నుంచి వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుంటే అది దారిలో నలిగి చిన్నదవుతుంది. 'డాక్యుమెంట్'గా పంపమంటే ఉన్నదున్నట్టు వస్తుంది.

బొత్తం నొక్కినా గ్యాలరీ తెరుచుకోలేదంటే, ఎప్పుడో 'అనుమతి ఇవ్వను' అని నొక్కేసి ఉంటాం. ఫోను సెట్టింగుల్లో క్రోమ్‌కి కెమెరా, ఫొటోల అనుమతి ఇవ్వాలి. పెళ్ళి వీడియోలతో ఫోను నిండిపోయి ఉన్నా ఫొటో ఎక్కడం ఆగిపోవచ్చు!

సంఘం ఆఫీసు కంప్యూటరు

దీనిది వేరే కథ. ఒక్క సైటూ తెరవనీయదు. ఏది కొట్టినా 'మీ కనెక్షన్ భద్రం కాదు' అని ఎర్ర గుర్తు. వైరస్ పట్టిందని అందరూ భయపడిపోతారు. నేను ముందు చూసేది కింద మూలనున్న తేదీ! పాత కంప్యూటర్లలో నాణెమంత బిళ్ళ సెల్లు ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారం నడిపేది అదే. అది అయిపోతే కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ ఏళ్ళకేళ్ళు వెనక్కిపోతుంది. ప్రతి సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ చెల్లే గుర్తింపు పత్రం ఉంటుంది. మన గడియారం పదేళ్ళు వెనకుంటే ఆ పత్రం ఇంకా పుట్టనట్టే లెక్క. తేదీ సరిచేస్తే ఎర్ర గుర్తు పోతుంది. ఆ బిళ్ళ మార్పించుకోవడం పెద్ద ఖర్చేం కాదు.

తేదీ సరిగ్గానే ఉండి పేజీలు చెదిరిపోతున్నాయంటే బ్రౌజర్ పాతబడిందన్నమాట. విండోస్ 7కి, 8కి క్రోమ్ కొత్త రూపాలు ఇవ్వడం 2023 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ఫోన్లకి 2025 ఆగస్టు నుంచి ఆపేశారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయితే 2022 జూన్‌లోనే రిటైరైంది. దాంతో కుస్తీ పట్టి లాభం లేదు. సంఘంలో ఎవరి ఫోను కొత్తదో చూసి అందులో ఎక్కించండి. పని అయ్యాక లాగవుట్ చెయ్యడం మాత్రం మర్చిపోకండి.

పార్శిల్ మీద అంటించే లేబుల్ తెరుచుకోకపోవడం కూడా మామూలే. అది వేరే కిటికీలో వస్తుంది. బ్రౌజరేమో ప్రకటన అనుకుని అడ్డుపడుతుంది. సెట్టింగుల్లో 'పాప్-అప్స్' దగ్గర ఆ సైటుకి అనుమతి ఇస్తే చాలు.

507... ఏ రాష్ట్రం?

ఈ చిక్కు బహుశా మా వైపు వాళ్ళకే ఉంటుంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం అటు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకునే ఉన్న ఏటపాక ఆంధ్రలోకి పోయింది. రాష్ట్రం మారినా ఆ ఊళ్ళ పిన్‌కోడ్లు మాత్రం 507తో మొదలయ్యే ఖమ్మం నాటివే. చింతూరుది 507126. పైగా ఆ మండలాల జిల్లా పేరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా మళ్ళీ మారింది. ఇవతల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది 2016 అక్టోబరులో.

పిన్‌కోడ్ కొట్టగానే కొన్ని సైట్లు రాష్ట్రం పేరు వాటంతటవే నింపేస్తాయి. 507 చూసి 'తెలంగాణ' వేసేస్తే, ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ ఆంధ్ర ఉంటుంది. రెండూ పొసగవు. 'అడ్రస్ మిస్‌మ్యాచ్' అని ఆగిపోతుంది. అది బ్రౌజర్ తప్పు కాదు. ఎన్నిసార్లు క్యాష్ దులిపినా పోదు! బ్రౌజర్ దాచుకున్న పాత చిరునామాని ఆటోఫిల్ తెచ్చి పెట్టిందేమో ముందు చూడండి. అది కాదంటే, రాష్ట్రం గడిని చేత్తో మార్చనిస్తుందేమో చూడండి. మార్చనివ్వకపోతే, చిరునామా పత్రం జతచేసి సైటు వాళ్ళకి ఫిర్యాదు పెట్టడమొక్కటే దారి.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందంటారా? చిన్న వ్యాపారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఒకటి తీసుకుని ఆన్‌లైన్ సైట్లలో అమ్ముకోవచ్చని 2023 అక్టోబరు 1 నుంచి వీలు కల్పించారు. కానీ సొంత రాష్ట్రం లోపలే అమ్మాలి. ఏటపాక ఆవిడ కూతవేటు దూరంలోని భద్రాచలానికి అమ్మితే, లెక్కల్లో వేరే రాష్ట్రానికి అమ్మినట్టే! అందుకే రాష్ట్రం గడి సరిగ్గా పడాలి.

అన్నట్టు, వరదల మాట. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. అలాంటప్పుడు ఆర్డరు తీసుకుని పంపలేకపోతే కొనేవాళ్ళకి కోపం, మన కొట్టుకి చెడ్డపేరు. 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక వినబడగానే సైటులో మీ కొట్టుకి సెలవు పెట్టేయండి. రోడ్లు మునిగాక సిగ్నల్ ఉంటుందో ఉండదో!

అంకె చూసి మాట్లాడండి

ఎర్రర్ పేజీ రాగానే విసుక్కుని మూసెయ్యకండి, స్క్రీన్‌షాట్ తియ్యండి. అందులో మూడంకెల సంఖ్య ఏదైనా ఉందేమో చూడండి. 5తో మొదలైతే, అంటే 500, 502, 503 లాంటివైతే తప్పు సైటు వాళ్ళది. మీరు హాయిగా వంట చేసుకోండి, సాయంత్రం చూడొచ్చు. 4తో మొదలైతే మన వైపునుంచి వెళ్ళినదాంట్లో ఏదో తేడా ఉందని. 413 అయితే ఫొటో బరువెక్కువ. 429 అయితే మరీ ఎక్కువసార్లు నొక్కారు, కాసేపు ఆగమని. సాయం అడిగేటప్పుడు "పనిచెయ్యట్లేదండీ" అంటే వాళ్ళకేం తెలుస్తుంది? ఏ ఫోను, ఏ బ్రౌజర్, ఏ పేజీలో, ఏ బొత్తం నొక్కితే, ఎన్నింటికి, ఏ అంకె వచ్చిందో రాసి స్క్రీన్‌షాట్ జతచెయ్యండి. అందులో ఓటీపీ గానీ బ్యాంకు నంబరు గానీ కనబడుతుంటే ముందే చెరిపెయ్యండి.

అన్నీ కుదిరి 'లిస్టింగ్ లైవ్' అని వచ్చిందా? అప్పుడే లేవకండి. మన లాగిన్ లేని వేరే ఫోన్లోంచి సైటు తెరిచి, మన సరుకు పేరు కొట్టి వెతకండి. కొత్త సరుకు వెతుకులాటలో కనబడ్డానికి కొన్ని గంటలు పట్టొచ్చు. కనబడ్డాక 507001 అని ఖమ్మం పిన్‌కోడ్ ఒకసారి, 500001 అని హైదరాబాదుది ఒకసారి కొట్టి, ఎక్కడెక్కడికి పంపుతామంటోందో చూడండి. ఆంధ్ర వైపు వాళ్ళయితే 520001 అని విజయవాడది కొట్టాలి. సరుకు కనబడుతోంది గానీ కొనే బొత్తం లేదంటారా? ముందు స్టాకు గడి చూడండి. గదినిండా డబ్బాలు పెట్టుకుని, అక్కడ సున్నా వదిలేసిన వాళ్ళు ఎంతమందో!